పదకొండో ప్రశ్న

సావనీరుకు ఏదైనా రాసిమ్మని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నేను సైన్సువాణ్ణి, నాకు కవిత్వం రాదు" అని తప్పించుకోజూశాను. "కవిత్వం కావలసినంత వచ్చింది. నువ్వు డిసెంబరు సెలవుల్లో ఆసిఫాబాద్ వైపు ఏదో సర్వేకి వెళ్ళొచ్చావు కదా, అది రాయి" అన్నారు. అది రాయడం కవిత్వం రాయడంకన్నా కష్టమని వాళ్ళకు తెలియదు. ఇంతకాలం ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి అందులో ఉంది. రాసేశాక మనసు తేలికపడుతుందేమోనన్న ఆశతో కూర్చున్నాను.

ముందు తార్నాకలో ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. అక్కణ్ణించే ఇదంతా మొదలయింది.

మన క్యాంపసు గేటు దాటి తార్నాక చౌరస్తా వైపు నడిస్తే ఒక ఇరానీ హోటలు వస్తుంది. హాస్టలు మెస్సులో సాంబారు మరీ నీళ్ళయిన రోజున మేం అక్కడ తేలుతాం. మన యూనివర్శిటీలో చదువుకునే ఒక లిబియా విద్యార్థి నాకు అక్కడే పరిచయం. వయసులో నాకంటే చాలా పెద్ద, అంచేత భాయ్ అని పిలుస్తాను. హైదరాబాదు హిందీ, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటాం. ఒకరోజు మాటల్లో "మీ అరబ్బులు చాయ్‌లో పాలు పోసుకోరు కదా" అన్నాను. ఆయన కప్పు కిందపెట్టి, "నేను అరబ్బుని కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. ఎన్నోసార్లు చెప్పి అలసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పాడు.

ఆయనది నఫూసా కొండల ప్రాంతం. ప్రపంచం వాళ్ళని బర్బరులంటుంది. వాళ్ళు తమను అమాజిఘ్ అని చెప్పుకుంటారు. స్వేచ్ఛగా బతికే మనుషులు అని ఆ మాటకు అర్థం చెబుతారు. బర్బరులన్నది గ్రీకులు, రోమన్లు పెట్టిన పేరు. తమ భాష రానివాడి మాట వాళ్ళ చెవులకు 'బర్ బర్' అని వినిపించింది, అదే పేరయింది. నేను సిగ్గుపడ్డాను. ఎందుకంటే మన సంస్కృతంలోనూ బర్బర శబ్దం ఉంది. ఇప్పటికీ మన పత్రికలు ఎక్కడైనా ఘోరం జరిగితే 'బర్బర చర్య' అని రాస్తాయి. కోట్ల మంది మనుషుల పేరును మనం తిట్టుగా వాడుతున్నామన్నమాట!

గడ్డాఫీ కాలంలో తమ భాష బడిలో చెప్పడానికి వీల్లేదనీ, పిల్లలకు తమ పేర్లు పెట్టుకోనిచ్చేవారు కాదనీ చెప్పాడు. వాళ్ళన్నకు రెండు పేర్లట. కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి. 2011లో ఆ ప్రభుత్వం పడిపోయాక ఊళ్ళోకి పరిశోధకులు వచ్చారు. వాళ్ళ నానమ్మ చేత పాటలు పాడించి రికార్డు చేసుకుని వెళ్ళారు. ఆ తర్వాత చాలాకాలం ఆమె "నా గొంతు ఎక్కడికి పోయింది? ఎవరు వింటున్నారు?" అని అడుగుతూ ఉండేదట. జవాబు చెప్పినవాడు లేడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటికి ఆ గుచ్చుకోవడం ఊరికే పుస్తకం చదివి బాధపడటం వంటిదే. నా దాకా రాలేదు.

నేను రైతు బిడ్డని. మాది ఇప్పటి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఏజెన్సీలో ఒక పల్లె. నల్లరేగడి, పత్తి, కంది. చుట్టూ గోండు గూడేలు, కొలాం గూడేలు. చిన్నప్పుడు గోండు పిల్లలతో కలిసి పశువులు కాశాను. అందుచేత గోండీ కొంత మాట్లాడతాను, చాలామటుకు అర్థం చేసుకుంటాను. ఊళ్ళో ఉన్నప్పుడు ఇది ఒక విద్య అని నాకెప్పుడూ తోచలేదు. హైదరాబాదు వచ్చాక తెలిసింది దీనికి గిరాకీ ఉందని.

మా హాస్టల్లో ఒక రీసెర్చి స్కాలరు అన్న ఉన్నాడు. గోండు గ్రామాల్లో బతుకుతెరువు ఎలా మారిందన్నది ఆయన విషయం. "నాకు గోండీ రాదు, ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ తెలుగులో మాట్లాడాలంటే ముడుచుకుపోతారు. దుబాసీగా వస్తావా?" అని అడిగాడు. రానూపోనూ చార్జీలు, భోజనం ఆయనవి. నేను సంబరపడ్డాను. ఇంటికి వెళ్ళినట్టూ ఉంటుంది, పరిశోధన అంటే ఏమిటో చూసినట్టూ ఉంటుంది.

వెళ్ళేముందు యూనివర్శిటీ గ్రంథాలయంలో నాలుగు పుస్తకాలు చదువుకు రమ్మన్నాడు. కెమిస్ట్రీ విద్యార్థిని, ఆ అరల వైపు ఎన్నడూ పోలేదు. అక్కడ హైమన్‌డార్ఫ్ కనిపించాడు. మా ఊళ్ళవైపు ఆయన పేరు తెలియని ముసలివాళ్ళుండరు గానీ ఆయన మన క్యాంపసువాడు కూడానని నాకు అప్పుడే తెలిసింది. ఆస్ట్రియా దేశస్థుడు. 1939లో ఇండియా వచ్చాడు, యుద్ధం మొదలయింది. చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు కనుక శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాదు సంస్థానం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆయన ఆ కట్టడినే అదునుగా చేసుకుని చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజగోండుల మీద 1943, 1945, 1948లో మూడు పుస్తకాలు తెచ్చాడు. ఉస్మానియాలో మానవశాస్త్రం బోధించాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని ఆయన చేతికి వచ్చింది.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది, గమనించండి. తుపాకి పేలిన తర్వాత వచ్చిన పరిశోధన అది. అడిగించింది ఏలేవాడు, జవాబు చెప్పవలసింది దెబ్బ తిన్నవాడు. అయినా హైమన్‌డార్ఫ్ గోండీ నేర్చాడు, మార్లవాయిలో కాపురం పెట్టాడు, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించాడు, వేల గిరిజన కుటుంబాలకు పట్టాలిప్పించాడు. ఆయన భార్య 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండనులో కన్నుమూశాడు. ఇద్దరినీ ఈనాటికీ ఆ ఊరు తలుచుకుంటుంది. అడిగేవాడు ఎవరి తరఫున వచ్చినా, ఎవరి పక్కన కూర్చున్నాడన్నది జనం మరిచిపోరనిపించింది.

భాయ్‌కి ఈ కథ చెప్పాను. తమ దగ్గర ఇదే కథ ఇంకో తీరున నడిచిందన్నాడు. అల్జీరియా, మొరాకో దేశాలను ఫ్రెంచివాళ్ళు ఏలిన కాలంలో బర్బరుల మీద పుస్తకాలు రాసినవాళ్ళలో చాలామంది సైనికాధికారులే. వీళ్ళు వేరు, అరబ్బులు వేరు అని రాయడం ఏలికలకు అక్కరకొచ్చింది. 1930లో మొరాకోలో బర్బరులకు వేరే న్యాయవిధానమంటూ ఫర్మానా తెస్తే, చీల్చి ఏలడానికేనని జనం అలజడి చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక అదే శాపమయింది. అమాజిఘ్ భాష గురించి మాట్లాడినవాడల్లా పరాయివాడి తొత్తు అనిపించుకున్నాడు. 1980లో అల్జీరియాలోని తీజీ ఉజూ విశ్వవిద్యాలయంలో మూలూద్ మమ్మెరీ అనే రచయిత పాత కబీలీ కవిత్వం గురించి ఉపన్యసించబోతే అధికారులు ఆపేశారు. విద్యార్థులు లేచారు, ఊళ్ళు లేచాయి. ఒక్క ఉపన్యాసం! మన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎన్ని ఉపన్యాసాలు విని లేచిపోయామో గుర్తొచ్చి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ భాషకు 2011లో మొరాకోలో, 2016లో అల్జీరియాలో రాజ్యాంగం అధికార హోదా ఇచ్చింది. వాళ్ళ తిఫినాగ్ లిపి 2005లో కంప్యూటర్ల యూనికోడ్‌లో చేరింది. మన నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండీ లిపి 2018లో చేరింది. ఈ రెండు సంగతులూ ఒకే బల్ల దగ్గర చెప్పుకుని, ఆ సాయంత్రం రెండో చాయ్ తాగాం.

సరే, డిసెంబరు వచ్చింది. సికింద్రాబాదులో భాగ్యనగర్ ఎక్కి ఆసిఫాబాద్ రోడ్డులో దిగాం. మా ఊరికి రెండు కోసుల దూరంలో ఉన్న ఒక గోండు గూడేన్ని అన్న ఎంచుకున్నాడు. కావాలని కాదు, ఆయన పట్టీలో చీటీ తీస్తే ఆ పేరు వచ్చింది.

ప్రయోగశాలలో మాకు అలవాటయిన పద్ధతి ఒకటుంది. బ్యూరెట్టులో ద్రావణం నింపుతాం, చుక్క చుక్క వదులుతాం, రంగు మారగానే ఆపి అంకె రాసుకుంటాం. ద్రావణం మనల్ని 'నువ్వెవరు' అని అడగదు. సర్వే అంటే అలాంటిదేననుకున్నాను. మొదటి రోజే ఆ భ్రమ వదిలింది.

పత్తి ఏరే కాలం. పగలు గూడెంలో ముసలివాళ్ళూ కోళ్ళూ తప్ప ఎవరూ లేరు. చీకటిపడ్డాక వెళితే రోజంతా వంగి ఏరిన నడుములతో జనం. వాళ్ళను కూర్చోబెట్టి ముప్ఫై రెండు ప్రశ్నలు అడగడం ఎంత పాపమో రైతు బిడ్డగా నాకు తెలుసు. అయినా ఎవరూ పొమ్మనలేదు. రాం రాం అన్నారు, మంచం వాల్చారు, పాలు లేని చాయ్ ఇచ్చారు. అదే ఇంకో చిక్కు. ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదని చాలామంది మనకు నచ్చుతుందనుకున్న జవాబే చెబుతారు. "పథకం అందిందా?" అంటే "అందింది." మళ్ళీ ఇంకో రకంగా అడిగితే "రాలేదు."

ఒక ముసలమ్మ నేరుగా అడిగింది: "ఇట్ల రాసుకపోయినోళ్ళు మస్తు మంది వచ్చిన్రు. ఫొటోలు తీసిన్రు. మళ్ల ఒక్కడన్న ముఖం చూపెట్టిండా? నువ్వు రాస్తే మాకేమొస్తది బిడ్డా?"

అన్న నిజాయితీగల మనిషి. "ఏమీ రాకపోవచ్చు అవ్వా" అని చెప్పించాడు. ఆమె నవ్వి, "గిట్ల చెప్పినోడు నువ్వే మొదలు, అడుగు" అంది.

ప్రతి ఇంట్లోనూ ప్రశ్నలకు ముందు అన్న ఒక కాగితం చదివించేవాడు. ఇష్టం లేకపోతే మానెయ్యవచ్చు, మధ్యలో ఆపెయ్యవచ్చు అని. నాకు మొదట విసుగనిపించేది. ఆయన రాత్రి పడుకునే ముందు ఖమ్మం సంగతి చెప్పాడు. 2009లో ఆ జిల్లాలో మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా ఒక అధ్యయనం కింద వేశారు. ఎంతోమంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇస్తూ, తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టిన తీరును తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. ఆ పిల్లల్ని అడిగారా, వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగారా అన్నదే ప్రశ్న. ఇది మానవశాస్త్రం వాళ్ళ తప్పు కాదు, మన సైన్సువాళ్ళ తప్పు. తార్నాక రోడ్డు మీద రోజూ పౌష్టికాహార సంస్థ గేటు ముందు నుంచి, హబ్సిగూడలో సీసీఎంబీ ముందు నుంచి వెళ్ళే మనం, రేపు అలాంటి గేటు లోపలే ఉద్యోగం చేయాలని కలలు కనే మనం, గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇక పదకొండో ప్రశ్న. అది ఇలా ఉంది: 'గతంలో మీ కుటుంబానికి ఉండి, ఇప్పుడు మీ చేతిలో లేని భూమి ఉందా? ఎవరికి, ఎలా పోయింది?'

ఇరవై ఆరిళ్ళలో ఈ ప్రశ్న తడుముకోకుండా అడిగాను. కొందరు లేదన్నారు, కొందరు షావుకారు పేరు చెప్పారు, కొందరు ప్రాజెక్టు కింద పోయిందన్నారు. నేను చెప్పడం, అన్న రాసుకోవడం.

ఇరవై ఏడో ఇల్లు గూడెం చివర. ఒక పెద్దాయన, గోడకానుకుని కూర్చున్నాడు. పది ప్రశ్నలయ్యాయి. పదకొండోది అడిగాను. ఆయన నన్ను కాసేపు చూశాడు. దీపం కొంచెం దగ్గరికి జరిపి మళ్ళీ చూశాడు. తర్వాత గోండీలో, మెల్లగా, నువ్వు ఫలానా ఆయన మనవడివి కాదూ అన్నాడు. అవునన్నాను.

ఆయన చెప్పింది ఇది. మా తాత కరీంనగర్ వైపు నుంచి కూలికొచ్చి, నాలుగు రాళ్ళు వెనకేసుకున్న రోజుల్లో, వీళ్ళింట ఒక ఎద్దు చచ్చిపోయింది. అదే ఏడు అక్క పెండ్లి. ఆయన తండ్రి మా తాత దగ్గర డబ్బు, విత్తనాలు తీసుకున్నాడు. రెండేళ్ళు వానల్లేవు. మూడో ఏడు ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి నాలుగెకరాల నల్లరేగడి అప్పగించాడు. "నేను అప్పుడు చిన్నపిలగాణ్ణి. మిగిలిన ఎద్దు పలుపు పట్టుకుని నిలబడ్డా. మీ తాత నాకు బెల్లం ముక్క ఇచ్చిండు" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకు అదే భరించడం కష్టమయింది.

ఆ నాలుగెకరాలు ఇప్పుడు మేం పత్తి వేసే చేను. నా హాస్టలు బిల్లు వచ్చేది దాని మీదే.

"ఏమంటున్నాడు?" అని అన్న కలం పట్టుకుని అడిగాడు.

నేను "భూమి ఉండేదట. అప్పు కింద పోయిందట" అన్నాను.

"ఎవరికి?"

"గుర్తులేదంటున్నాడు" అన్నాను.

పెద్దాయనకు తెలుగు వచ్చు. నా మాట విన్నాడు. ఏమీ అనలేదు. పన్నెండో ప్రశ్నకు జవాబు చెప్పాడు. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి రాం రాం అన్నాడు.

మిగిలిన రెండు రోజులూ నేను యంత్రంలా తిరిగాను. ఇంటికి వెళ్ళి పలకరించి రావలసినవాణ్ణి వెళ్ళలేదు. తిరుగు రైలులో అన్న కాగితాలు వరస పెట్టుకుంటుంటే ఇరవై ఏడో పత్రం పైకి వచ్చింది. 'ఎవరికి' అన్న గడిలో 'గుర్తు లేదు' అని ఆయన చేతిరాత. రాసింది ఆయన, అబద్ధం నాది. రామగుండం దాటాక చెప్పేశాను.

ఆయన తిడతాడనుకున్నాను. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి, "రికార్డింగు ఉంది కదా" అన్నాడు. దుబాసీ చెప్పిన ప్రతి జవాబునూ ఇంకొకరి చేత వినిపించి సరిచూడటం తన పద్ధతట. క్యాంపసులోనే ఎమ్మే చదివే ఒక గోండు విద్యార్థికి ఆ పని అప్పజెప్పబోతున్నాడు. "ఎలాగూ తెలిసేది. నువ్వే చెప్పడం మంచిదయింది" అన్నాడు. నా మీద నమ్మకం లేక కాదు, ఎవరి చెవినైనా ఒంటరిగా నమ్మకూడదు కనుక అన్నాడు.

ఆ గోండు మిత్రుడు లాండ్‌స్కేప్ గార్డెన్‌లో ఒక చెట్టుకింద కూర్చుని, ఫోను చెవిదగ్గర పెట్టుకుని నాలుగు రోజులు విన్నాడు. నేను దాచినది ఒక్కటే అనుకున్నాను గానీ, నాకు తెలియకుండా పోగొట్టినవి చాలా ఉన్నాయి. ఒక చోట ఒకావిడ నాలుగు నిమిషాలు మాట్లాడింది. నేను 'ప్రత్యేకంగా ఏమీ లేదు' అని చెప్పాను. ఆమె ఆ నాలుగు నిమిషాల్లో తన పుట్టింటివాళ్ళ దేవర పండక్కి ఎందుకు పోలేకపోయిందో, అప్పు దానికి ఎలా అడ్డమొచ్చిందో చెప్పిందట. నాకు పశువులు కాసేనాటి గోండీ వచ్చు. దేవరల గోండీ రాదు. రాదని ఒప్పుకోవడానికి బదులు ఏమీ లేదన్నాను. నాకు అర్థం కానిదాన్ని లేనిదాని కింద జమకట్టాను. బర్ బర్ అని వినిపించింది కనుక బర్బరులన్న గ్రీకువాడికీ నాకూ తేడా ఏమిటి?

"మరి నువ్వే వెళ్ళి రాస్తే అన్నీ సరిగ్గా వస్తాయి కదా" అన్నాను అతనితో.

"అంత తేలిక గాదు. నేను అడిగితే మావోళ్ళు 'నీకు తెల్వదా, ఎందుకడుగుతున్నవ్' అంటరు. మా పెద్దమనిషి ఎదుట నేను కొన్ని అడగలేను. ఇక్కడికొస్తే సార్లు 'నీవాళ్ళ గురించి నువ్వే రాస్తే పక్షపాతం గాదా' అంటరు" అన్నాడు. కాసేపాగి, "బయటోడు రాస్తే మాత్రం పక్షపాతం అని ఎవరూ అడగరు" అన్నాడు. తన జనం గురించి కూడా ఒక మాట అన్నాడు. గోండు అన్నది ఇతరులు పిలిచే పేరు. వాళ్ళ నోట వాళ్ళ పేరు కోయ్‌తూర్. మా ఊళ్ళో ఇరవై ఏళ్ళు వాళ్ళ మధ్య పెరిగి, ఆ మాట చెవిన పడుతూనే ఉన్నా, అది వాళ్ళ పేరని నేను పట్టించుకోలేదు. భాయ్ నానమ్మ గుర్తొచ్చింది.

తర్వాత నేను ఒంటరిగా గ్రంథాలయానికి వెళ్ళాను. హైమన్‌డార్ఫ్ 1970ల్లో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చి చూసి, 1982లో ఇండియా గిరిజనుల బతుకుపోరు మీద ఇంకో పుస్తకం వేశాడు. మొదటిసారి దాన్ని గబగబా తిరగేశాను. ఈసారి ఒక్కొక్క పేజీ చదివాను. తాను ఇప్పించిన పట్టాల భూములు బయటినుంచి వచ్చిన రైతుల చేతుల్లోకి ఎలా జారిపోయాయో ఆయన ఊరూరా రాసుకున్నాడు. ఆ పుస్తకంలో మా తాత ఉన్నాడు. పేరు లేదు, ఊరు లేదు. 'బయటినుంచి వచ్చినవాళ్ళు' అన్న మాటలో ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా నేను పరిశోధనలో అడిగేవాళ్ళ వైపే ఉంటాననుకున్నాను. నిజానికి నేను జవాబులో ఉన్నాను.

చట్టం సంగతీ చదివాను. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో వచ్చిన నిబంధనను 1970లో గట్టి చేశారు. అదే మావాళ్ళు 'వన్ ఆఫ్ సెవెంటీ' అని భయంగా పిలిచేది. దాని ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి ఇవ్వడమే చెల్లదు. మా తాత కాగితం దాని తర్వాతిది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేలిన రోజు వాళ్ళు అడగడానికి వచ్చినది కూడా భూమి సంగతే.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. మా బాపుతో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చేనులో, చివరి ఏరుడు పత్తి మూటలు కడుతున్నప్పుడు చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు.

"మేం దొంగిలించినమా? పైసలిచ్చినం. మీ తాత మోకాళ్ళు అరిగేదాక ఈ రాళ్ళేరిండు" అన్నాడు. అదీ నిజమే. మేం దొరలం కాము. గులాబీ పురుగు పడ్డ ఏడు అవ్వ పుస్తెలతాడు కుదువపెట్టాం. పహాణీలో ఇప్పటికీ పట్టాదారు పేరు ఆ పెద్దాయన తండ్రిదే. ఆయన ఎప్పుడో పోయాడు. అంచేత 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఆ డబ్బు మాకూ రాలేదు, వాళ్ళకూ రాలేదు. చచ్చిపోయిన మనిషి పేరు మీద బతికున్న రెండు కుటుంబాలు వేలాడుతున్నాయి.

"ఆయన నీకేమన్నడు? తిట్టిండా?" అని అడిగాడు బాపు.

"లేదు. తాత బెల్లం ముక్క ఇచ్చిండని చెప్పిండు."

బాపు మూట బిగించి కట్టాడు. చాలాసేపటికి, "కాగితం పెట్టెలనే ఉంది. పత్తి అమ్ముడయినంక ఆయన్ని ఒకసారి ఇంటికి రమ్మను. చాయ్ తాగుదం. ఏం మాట్లాడాల్నో నాకు తెల్వది" అన్నాడు.

అంతే. ఇంకా పిలవలేదు. పిలిచాక ఏమవుతుందో నాకూ తెలియదు. ఆ చేను పోతే నేను పీజీ చదవగలనా అన్న ఆలోచన రాలేదని అబద్ధమాడను. రాత్రుళ్ళు వస్తుంది. ఇప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను, చాలు.

అన్న తన సిద్ధాంత గ్రంథంలో పద్ధతిని వివరించే అధ్యాయంలో ఒక వాక్యం చేర్చాడు. దుబాసీ ఆ ప్రాంతపు గిరిజనేతర రైతు కుటుంబానికి చెందినవాడనీ, భూమి గురించిన జవాబులన్నిటినీ గోండు విద్యార్థి మళ్ళీ వెళ్ళి అడిగి సరిదిద్దాడనీ. చిన్న వాక్యమే. నా పేరు లేదు. కానీ అది చదివిన రోజున ప్రయోగశాల రికార్డులో తప్పు అంకెను చెరిపెయ్యకుండా ఒక్క గీత కొట్టి పక్కన సరైన అంకె రాయమని మా లెక్చరరుగారు ఎందుకు చెబుతారో అర్థమయింది. తప్పు కనబడాలి. కొట్టివేత కూడా కనబడాలి.

భాయ్‌కి ఈ మొత్తం చెప్పినప్పుడు ఆయన చాయ్ చల్లారిపోయింది. "మా నానమ్మ పాటలు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. నువ్వు మాత్రం ఆ ముసలాయన దగ్గరికి తిరిగి వెళ్ళు. రాసిన దాన్ని ఆయనకు చదివి వినిపించు" అన్నాడు.

వేసవి సెలవుల్లో వెళుతున్నాను. అన్న ఇరవై ఏడో పత్రం నకలు ఇచ్చాడు. 'గుర్తు లేదు' అన్న మాట మీద ఒక్క గీత ఉంది. పక్కన మా తాత పేరు ఉంది. ఈసారి దుబాసీ అక్కర్లేదు, గూడెం చివర ఇంటి ముందు కూర్చుని దాన్ని నేనే ఆయనకు గోండీలో చదువుతాను. మా తాత పేరు పైకే చదువుతాను.